ముందుకు పొడుచుకొచ్చిన పై అంతస్తుకీ పన్నుకీ సంబంధం లేదు

ఇంగ్లండులోని యార్క్‌లో షాంబుల్స్ అనే సన్నటి వీధి ఉంది. రెండు వైపులా పాత కర్ర ఇళ్లు, దాదాపు అన్నిట్లోనూ ఇప్పుడు దుకాణాలే. ఆ వీధి ఫొటోకి ఒక కథ తగిలించి జనం తెగ పంచుకుంటున్నారు. నేల కొలతను బట్టి పన్ను వేసేవారట, అందుకే కింద ఇరుకుగా కట్టి పై అంతస్తును వీధి మీదికి తోశారట. దూలాలు పాత ఓడలవట. మూసేసిన కిటికీలన్నీ, ఇంటికున్న కిటికీల లెక్కన వేసే కిటికీ పన్ను పుణ్యమట. ఒకప్పటి ఇళ్లు ఈమధ్యే దుకాణాలయ్యాయట. వీటిలో కిటికీల మాట ఒక్కటే సగం నిజం.

ముందు పన్ను సంగతి. ఈ ఇళ్లు కట్టిన కాలంలో పట్టణాల్లో స్థలం మొత్తానికి ఏటా ఇంత అని శిస్తు ఉండేది. కింది గదిని రెండడుగులు కుదించినా అది తగ్గదు. పైగా ఇంగ్లండులోనే కెంట్ ప్రాంతపు పల్లెల్లో, చుట్టూ పొలాలున్న రైతుల పాత ఇళ్లకీ పై అంతస్తు ఇలాగే ముందుకు ఉంటుంది. అక్కడ ఎవరి కళ్లుగప్పడానికి?

వడ్రంగి లెక్క వేరు. ఈ ఇళ్లలో ఒక్కో అంతస్తుకి విడిగా చట్రం బిగిస్తారు, కాబట్టి నిలువు స్తంభాలు పొట్టివైనా సరిపోతాయి. పై గది నేలను మోసే దంతెలు గోడ దాటి బయటికి వస్తాయి. ఆ కొసల మీద పై గోడ బరువు కూర్చుంటే నడిమి భాగం కుంగడం తగ్గుతుంది. వీధి మూల ఇల్లయితే పని ఇంకా కష్టం. రెండు వైపులా బయటికి రావాలి కాబట్టి ఐమూలగా ఒక లావుపాటి దూలం వేసి, రెండు దిక్కుల దంతెల్నీ దాంట్లోకి దించుతారు. నాలుగు డబ్బులు మిగుల్చుకోవాలనుకున్నవాడు ఇంత ఖర్చు పెట్టుకోడు. దీనివల్ల పైన గది పెద్దదవుతుంది, కింద సరుకు వానకి తడవదు, యజమాని కలిగినవాడని ఊరికి తెలుస్తుంది. 1666 అగ్నిప్రమాదం తర్వాత లండన్‌లో ఇటుక, రాయి తప్పనిసరి చేయడంతో అక్కడ ఈ పద్ధతి ఆగిపోయింది.

ఓడల కథకి ఆధారంగా దూలాల్లోని ఖాళీ గాడుల్ని చూపిస్తారు. అవి చాలావరకు తర్వాత తీసేసిన అడ్డగోడల గుర్తులు, లేదా ఇంకో ఇంటి కర్రను మళ్లీ వాడిన జాడలు. ఈ ఇళ్లకి వాడే ఓక్ చెట్టు కర్రను పచ్చిగా ఉన్నప్పుడే చెక్కేవారు, ఎండితే అది ఉలికి లొంగదు. బిగించాక ఆరుతూ మెలితిరగడం వల్లే ఈ ఇళ్లు కొంత ఒరిగినట్టు కనిపిస్తాయి.

కిటికీ పన్ను నిజమే, 1696 నుంచి 1851 దాకా ఉంది. కొందరు మూసేశారు కూడా. కానీ మూసిన చోట ఇటుకల్ని దగ్గరగా చూడండి. చుట్టూ గోడతో కలవకుండా నిలువు గీతలా అతుకు కనిపిస్తే తర్వాత మూసినట్టు. వరసలు గోడతో కలిసిపోయి ఉంటే అది మొదట్నుంచీ ఉత్తుత్తి కిటికీ, ముఖభాగం రెండు వైపులా ఒకేలా కనిపించాలని పెట్టింది.

ఇక ఇళ్లు ఈమధ్యే దుకాణాలయ్యాయన్న మాట. షాంబుల్స్ కసాయివాళ్ల వీధి. కింద వీధి వైపు అంగడి, వెనకా పైనా కాపురం. మాంసం పరిచిన వెడల్పాటి కిటికీ గట్లు, వేలాడదీసిన కొక్కేలు కొన్ని ఇళ్లకి ఇప్పటికీ ఉన్నాయి. ఆ కాలపు అంగళ్లలో కిటికీకి గాజు ఉండేది కాదు. చెక్క తలుపును కిందికి దించితే అదే బల్ల, రాత్రికి ఎత్తి గడియ వేస్తే అదే తలుపు. కొత్తగా వచ్చిందేమైనా ఉంటే ముందున్న పెద్ద అద్దాలే. గాజు మీద సుంకం 1845లో ఎత్తేశాకే అవి మామూలు దుకాణదారుకి అందుబాటులోకి వచ్చాయి.