కథకు బొమ్మ వేయడం ఎక్కడ నేర్పుతున్నాం?

సంతలో ఎడ్లను అమ్మేసి రైతు ఇంటికొస్తాడు. భుజం మీద పలుపుతాళ్లు మాత్రం ఉంటాయి. అప్లైడ్ ఆర్ట్ మూడో ఏడు చదువుతున్న ఒక అమ్మాయి ఈ కథకు బొమ్మ వేసి పోయిన నెల నాకు చూపించింది. సంతంతా దించేసింది. పాతికమంది మనుషులు, రంగులద్దిన కొమ్ములు, వెనకాల టీ బండి, దాని మీద పొగ. గీత చాలా బాగుంది. కానీ ఆ బొమ్మలో కథ లేదు. "చదివాక నీకు బాగా గుర్తుండిపోయింది ఏంటమ్మా?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "తాళ్లు సార్. వాళ్లావిడ వాటి వంకే చూస్తుంది కదా" అంది. మరి అదెందుకు వేయలేదంటే, అలా ఎంచుకోవాలని తనకు ఎవరూ చెప్పలేదంది.

తప్పు ఆ పిల్లది కాదు. మన దగ్గర ఇలస్ట్రేషన్ (కథలకు, రాతలకు బొమ్మలు వేయడం) మీద ఇష్టం ఉన్నవాళ్లు ఎక్కువగా చేరేది బీఎఫ్ఏ (లలితకళల డిగ్రీ) అప్లైడ్ ఆర్ట్‌లో. నాలుగేళ్ల చదువు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) లాంటి చోట సీటు రావాలంటే ఎంట్రన్స్ రాయాలి, గుర్తున్నదాన్ని బట్టి గీసే మెమరీ డ్రాయింగ్‌లో నెగ్గాలి. ఆ టెన్షన్ దాటి లోపలికి వెళ్లాక లోగో, పోస్టర్, ప్యాకేజింగ్, ప్రకటనల మధ్య ఇలస్ట్రేషన్ కూడా ఒక అంశం. ప్రకటనలకు బొమ్మ వేయడం చిన్న పనేమీ కాదు. కానీ సబ్బు అమ్మే బొమ్మ ఒక్క చూపులో అంతా చెప్పేయాలి. కథ బొమ్మ కొంత దాచుకోవాలి. వారపత్రిక డెస్కులో పనిచేసిన రోజుల్లో నాకు ఇది బాగా తెలిసొచ్చింది. బొమ్మ వచ్చేది కథ మొదటి పేజీలో. చివర్లో జరిగేది అక్కడే వేసేస్తే పాఠకుడికి ఇక చదవడానికి ఏం మిగులుతుంది? రచయిత వర్ణించిందే మళ్లీ గీసినా దండగే. అందుకే కథ బొమ్మ వేసేవాడు ముందు మంచి పాఠకుడై ఉండాలి. చేతికి ఎంత సాధన కావాలో చదవడానికీ అంత సాధన కావాలి.

ఇక్కడ ఒక మాట తరచూ వినిపిస్తుంది. బాపు ఏ ఆర్ట్ కాలేజీలో చదివారు? మద్రాసులో లా చదివారు. చందమామ ముఖచిత్రాల వడ్డాది పాపయ్య తండ్రి దగ్గరే నేర్చుకున్నారు. కాబట్టి కాలేజీ ఎందుకని. ఈ వాదనతో నాకు పేచీ ఉంది. వాళ్లు ఆర్ట్ కాలేజీకి వెళ్లలేదు నిజమే, కానీ పత్రికలే వాళ్లకు కాలేజీ అయ్యాయి. వారం వారం కొత్త కథ, కొత్త రచయిత, తరుముకొచ్చే గడువు. బొమ్మ నచ్చకపోతే తిప్పి పంపే ఎడిటరూ ఉండేవాడు. విక్రమార్కుడి భుజం మీద శవాన్ని వేసి మూడు తరాల పిల్లలకు ఇష్టుడైన చందమామ శంకర్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో శిల్పి దేవీప్రసాద్ రాయ్ చౌధురి ప్రిన్సిపాల్‌గా ఉన్న రోజుల్లో చదువుకున్నారు. ఆ చదువుకు పిల్లల మాసపత్రిక చందమామ తోడైంది. 1950ల మొదట్లో అక్కడ చేరి దాదాపు 60 ఏళ్లు బొమ్మలు వేశారు. ఒకే రాజు, ఒకే శ్మశానం, ఒకే బేతాళుడు. అయినా నెల నెలా కథ మారేది, బొమ్మ కొత్తగా ఉండేది.

ఇప్పుడు ఆ చందమామ రావడం లేదు. నేను పెరిగిన వారపత్రికలు చాలావరకు మూతపడ్డాయి. అంటే పత్రికలు జీతమిచ్చి మరీ నేర్పిన పని ఇప్పుడు కాలేజీ మీద పడింది. కాలేజీలు ఆ సంగతి గుర్తించినట్టు నాకు కనిపించడం లేదు. పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. వారానికో తెలుగు కథ చదివించి, ఒక్కో కథకు మూడు చిన్న పెన్సిల్ స్కెచ్‌లు వేయించి, ఇదే ఎందుకు, అది ఎందుకు కాదు అని అందరి ముందూ మాట్లాడించాలి. యూనివర్సిటీల్లో తెలుగు శాఖలున్నాయి. అక్కడ కథలు రాసే పిల్లలున్నారు. వాళ్లనూ వీళ్లనూ ఒక గదిలో కూర్చోబెట్టడానికి ఏ జీవో కావాలి?

ఏఐ వచ్చింది కదా, ఇంకెందుకీ చదువు అనేవాళ్లకూ నా జవాబు ఇదే. సంత బొమ్మ అది క్షణాల్లో వేసేస్తుంది. ఆ కథకు తాళ్లే బొమ్మ అని నిర్ణయించుకోవడం మాత్రం కథ చదివి కదిలిపోయిన మనిషి పని.

చదువులో దొరకనిది ఇంకొకటుంది. ఆ అమ్మాయికి ఒక పిల్లల పుస్తకానికి పది బొమ్మలు వేసే పని వచ్చింది. "రైట్స్ అన్నీ మావే" అని ప్రచురణకర్త వాట్సాప్‌లో ఒక్క ముక్క పెట్టాడట. ఈమె సరేనని బొటనవేలు ఎత్తిన ఎమోజీ పెట్టేసింది. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం హక్కులు ఇచ్చేయాలంటే ఆ సంగతి రాతలో ఉండాలి, దాని మీద సంతకం ఉండాలి. ఎంతకాలానికో రాయకపోతే 5 ఏళ్లకే, ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. ఆ బొమ్మలు తనవేనని చెప్పుకునే హక్కు, మిగతా హక్కులు ఇచ్చేశాక కూడా కళాకారుడి దగ్గరే ఉంటుంది. నాలుగేళ్ల కోర్సులో ఒక్క పూట కూర్చుని చెప్పగలిగిన సంగతులివి. మూడో ఏడుకు వచ్చాక కూడా ఆ పిల్లకు వీటిలో ఒక్కటీ తెలియదు.

మొన్న మళ్లీ వచ్చింది. ఈసారి సంత లేదు. గడపలో నిలబడ్డ ఆడమనిషి, ఆమెకు ఎదురుగా వీపు తిప్పుకుని ఉన్న ఒక భుజం, దాని మీద రెండు తాళ్లు. మొహం వేయలేదు. బొమ్మ నా చేతికిచ్చి, "సార్, పుస్తకంలో నా పేరు వేయమని అడగొచ్చా?" అంది.