పీడనానికి అరడజను పేర్లు ఉండి తీరాలి

ప్రపంచమంతా పీడనాన్ని పాస్కల్‌లోనే కొలవాలని కొందరు పట్టుబడుతుంటారు. పాపం, పాస్కల్ ఎంతో వాళ్లకు తెలిసినట్టు లేదు. చదరపు మీటరు బల్ల మీద 102 గ్రాముల పిండి సమంగా చల్లితే బల్లకు తగిలేదే ఒక పాస్కల్. 1971లో ఆ పేరు ఖాయం చేసిన పెద్దలు టైర్లలో గాలి ఎన్నడూ కొట్టించుకోలేదేమో. 32 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) అంటే 2,20,000 పాస్కల్‌ల పైమాటే.

పీఎస్‌ఐని 6.895తో గుణిస్తే కిలోపాస్కల్ వస్తుంది, 14.5తో భాగిస్తే బార్ (లక్ష పాస్కల్‌లు) వస్తుంది. ఇంత తేలికైతే మన గౌరవం ఏం కావాలి? అందుకే మధ్యలో ‘కేజీ’ని నిలబెట్టాం. చదరపు సెంటీమీటరుకు ఒక కేజీ అంటే 0.981 బార్, 14.22 పీఎస్‌ఐ. బార్, కేజీ రెండూ ఒకటేలే అనుకుంటే టైరు ఏమీ అనదు. ఒక శాతం కచ్చితత్వమున్న గేజ్‌ను సరిచూసేటప్పుడు మాత్రం 10 బార్ దగ్గర 145 పీఎస్‌ఐ ఉండాల్సింది 142 అని రాసుకుంటాం. రెండు శాతం తప్పు మనది, శిక్ష గేజ్‌కి.

అసలు కళ గేజ్ (వాతావరణం పైన ఎంత), అబ్సల్యూట్ (శూన్యం నుంచి ఎంత) లెక్కల దగ్గర ఉంది. గేజ్ సున్నా చూపిస్తున్నా వాతావరణం 1.013 బార్‌తో నొక్కుతూనే ఉంటుంది. 6 బార్ గేజ్‌ను అబ్సల్యూట్ చేయమంటే కంఠతా వచ్చిన 14.7ను కలిపి 20.7 బార్ తేల్చే మేధావులున్నారు. పీఎస్‌ఐకి 14.7, బార్‌కి 1.013 అన్న తేడా వాళ్లకు పట్టదు. ఇంకొందరు అసలేమీ కలపరు. బాయిలర్ గేజ్ 7 బార్ చూపిస్తే ఏ పీడనం దగ్గర ఆవిరి ఎంత వేడో చెప్పే స్టీమ్ టేబుల్‌లోనూ 7 దగ్గరే వేలు పెట్టి 165 డిగ్రీలంటారు. ఆ పట్టిక అబ్సల్యూట్‌ది. 8 దగ్గర చూస్తే 170 పైన ఉంటుంది. ఆ అయిదు డిగ్రీల కోసం థర్మామీటర్‌ను మారుస్తారు.

నేర్చుకున్నాక మరీ ప్రమాదం. ఫిల్టర్‌కు ఇటూ అటూ 10 పీఎస్‌ఐ తేడా ఉంటే అది 0.69 బార్, అంతే. రెండు వైపులా ఉన్న వాతావరణం తీసివేతలో పోతుంది. శ్రద్ధ ముదిరినవారు దానికీ 14.7 కలుపుతారు.

ఇంగ్లీషు లిపిలో పెద్ద ‘ఎం’ మెగా, చిన్న ‘ఎం’ మిల్లీ. మధ్య తేడా వంద కోట్ల రెట్లు. మన అక్షరాలకు చిన్నా పెద్దా లేవు కాబట్టి ‘మెగా’ అని పూర్తిగా రాసి బతికిపోయాం. దశాంశాల సంగతి అడగొద్దు. ముల్లు 32కీ 33కీ మధ్య వణుకుతుంటే నివేదికలో 220.632 కిలోపాస్కల్ అని ఉంటుంది!

ఇన్ని చేశాక లెక్క చివర మైనస్ 1.2 బార్ గేజ్ తేలిందంటే శూన్యం కన్నా ఖాళీ అయిన చోటు కనిపెట్టారన్నమాట. పేటెంటుకు పరుగెత్తే ముందు ఆ 1.013ను రెండుసార్లు తీసేశారేమో ఒకసారి చూసుకోండి.