తోక ఊపేవాళ్లతో తస్మాత్ జాగ్రత్త

పిల్లికి పొగరు, కుక్కకు విశ్వాసం. ఈ రెండు మాటలనూ మనం ఎవరినీ రుజువు అడక్కుండానే నమ్మేశాం. పిల్లల పుస్తకాల్లో రాసుకున్నాం, సామెతల్లో ఇరికించుకున్నాం. ఏ జంతువును పెంచాలన్న విషయం మీద ఇంట్లో గొడవ వచ్చినప్పుడు రెండు పక్షాలవాళ్లూ ఈ మాటలే విసురుకుంటారు. తరతరాలుగా చెలామణీలో ఉన్న ఈ తీర్పును తిరగదోడాల్సిన సమయం వచ్చింది. పిల్లికి ఘోరమైన అన్యాయం జరిగింది. కుక్క విషయంలో మనం మరీ అమాయకంగా ఉన్నాం. ఇంట్లో అధికారం చేతులు మారుతున్న రోజుల్లో అందరూ అనుమానంగా పిల్లి వైపే చూస్తూ కూర్చున్నారు. పని చక్కబెట్టుకున్నది మాత్రం తోక ఊపుకుంటూ తిరిగిన శాల్తీ.

ముందుగా పిల్లి మీదున్న అభియోగాలు చూద్దాం. పిలిస్తే పలకదన్నది మొదటిది. జపాన్‌లో అత్సుకో సాయిటో బృందం దీని మీద బోలెడంత ఓపికతో పనిచేసింది. పిల్లులు తమ యజమాని గొంతును పరాయివాళ్ల గొంతుల్లోంచి గుర్తుపడతాయని 2013లో తేల్చారు. తమ పేరును కూడా గుర్తుపడతాయని 2019లో చూపించారు. అంటే పిలుపు అందుతోంది, పేరు తెలుస్తోంది, పిలిచిన మనిషెవరో కూడా తెలుసు. ఒక చెవి అటు తిప్పి, విషయం నమోదు చేసుకుని, మళ్లీ పడుకుంటుంది. మన అర్జీ అందింది, పరిశీలనలో ఉంది, అంతే. ఇదే జవాబు ఏళ్ల తరబడి ఇచ్చే కార్యాలయాలకు మనం చేతులు కట్టుకుని వెళ్తాం. పిల్లి ఇస్తే మాత్రం పొగరు అంటాం.

రెండోది, పనిచేయదని. ఈ ఆరోపణ చేసేవాళ్లు లండన్‌లో బ్రిటన్ ప్రధాని ఉండే 10, డౌనింగ్ స్ట్రీట్ వైపు ఒకసారి చూడాలి. లారీ అనే పిల్లి 2011 ఫిబ్రవరి నుంచి అక్కడ ఎలుకల నివారణకు అధికారికంగా నియమితమై ఉంది. కామెరాన్‌తో మొదలుపెట్టి స్టార్మర్ దాకా ఆరుగురు ప్రధానులను చూసింది. దాని విధుల్లో పాతకాలపు ఫర్నిచర్ కునుకు తీయడానికి పనికొస్తుందో లేదో పరీక్షించడం ఒకటని ప్రభుత్వ వెబ్‌సైటే రాసుకుంది. ఎలుకల సమస్యకు పరిష్కారం ఇంకా వ్యూహరచన దశలో ఉందట. అదే ఇంట్లో మనుషులు ఒకరి తర్వాత ఒకరు పెట్టె సర్దుకుని వెళ్లిపోతుంటే, వ్యూహరచన దశ దాటకుండా ఇన్నేళ్లు పదవిలో నిలిచిన ప్రాణిని పనికిమాలినదనడం రాజకీయ పరిజ్ఞానం లేకపోవడమే.

సైన్సుకూ పిల్లి సేవ చేసింది. 1975లో జాక్ హెథరింగ్టన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త ఒక పరిశోధన పత్రం రాసి, అందులో తన గురించి అంతటా 'మేము' అని పెట్టుకున్నాడు. రాసింది ఒక్కడే అయితే ఈ 'మేము'ను పత్రికవాళ్లు ఒప్పుకోరని ఎవరో చెప్పారు. అది టైపు మిషన్ల కాలం. మొత్తం మళ్లీ కొట్టాలంటే ప్రాణం ఉసూరుమంది. దాంతో చెస్టర్ అనే తన సయామీ పిల్లిని ఎఫ్.డి.సి. విల్లర్డ్ అన్న పేరుతో సహరచయితగా చేర్చేశాడు. ఫిజికల్ రివ్యూ లెటర్స్ దాన్ని అచ్చువేసింది. పిల్లి కృతజ్ఞతలు చెప్పలేదు, ఖండించనూ లేదు. పత్రం హీలియం-3 గురించి కాబట్టి మనలో చాలామంది కూడా అదే పని చేసేవాళ్లం.

ఇక బల్ల మీది వస్తువులు కింద పడేయడం. ఈ సంగతి కాస్త దగ్గర నుంచి చూడాలి. బల్ల అంచుకు జానెడు దూరంలో ఒక పెన్ను ఉంటుంది. పిల్లి పక్కనే కూర్చుని ముందు కాళ్లు తోకతో చుట్టుకుని ఉంటుంది. ఒక కాలు చాపి పెన్నును ముట్టుకుంటుంది. మీరు 'ఊఁ' అని గద్దిస్తారు. కాలు గాల్లో ఆగుతుంది. మీ కళ్లలోకి చూస్తుంది. మాట విన్నదని మీరు మురిసిపోయే లోపు పెన్ను అంగుళం జరుగుతుంది. మళ్లీ చూపు. మళ్లీ అంగుళం. పెన్ను పడిపోయాక తల వంచి, అది ఎక్కడ పడిందో, ఎలా పడిందో శ్రద్ధగా చూసి, అప్పుడు మూతి నాక్కుంటుంది. ముందస్తు నోటీసు ఇచ్చి, బాధితుడి ఎదుటే, పట్టపగలు చేసే పని ఇది. ఇందులో దాపరికం ఎక్కడుంది? ఇంత పారదర్శకంగా నడిచే సంస్థ ఇంట్లో ఇంకొకటి ఉంటే చూపించండి.

తిండి దగ్గరా అదే నిజాయితీ. 2021లో అమెరికాలో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు కొన్ని పిల్లుల ముందు రెండు రకాలుగా తిండి పెట్టారు. ఒకటి పళ్లెంలో తేరగా, ఇంకొకటి బుర్ర ఉపయోగించి బయటకు తీసుకోవాల్సిన బొమ్మలో. చాలా జంతువులు ఇలాంటి చోట కాస్త కష్టపడి తినడానికే మొగ్గు చూపుతాయి. పిల్లులు దాదాపుగా పళ్లెం వైపే వెళ్లాయి. శ్రమ మీద ఉపన్యాసాలిస్తూ తేరగా వచ్చినదాన్ని తినేవాళ్లు లోకంలో కోకొల్లలు. పిల్లి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఇప్పుడు కుక్క దగ్గరకు వద్దాం. కాస్త ధైర్యం తెచ్చుకుని రావాలి, ఎందుకంటే ఈపాటికే అది మీ వైపు చూస్తూ ఉంటుంది.

ఆ చూపే అసలు సంగతి. కనుబొమ్మ లోపలి కొసను పైకెత్తే ఒక చిన్న కండరం కుక్కలకు ఉంది. వాటి పూర్వీకులతో ఒకే వంశవృక్షంలో ఉన్న తోడేళ్లకు అది సరిగ్గా లేదు. 2019లో ఈ తేడాను శరీర నిర్మాణం పరిశీలించి మరీ ప్రకటించారు. మనిషితో కలిసి బతికిన వేల ఏళ్లలో కుక్క కోరలకు పదును పెట్టుకోలేదు, గోళ్లకు పదును పెట్టుకోలేదు. కనుబొమ్మ మీద పెట్టుబడి పెట్టింది. ఆ కండరం కదిలితే కళ్లు పెద్దవవుతాయి, ముఖం దిగులుగా కనిపిస్తుంది, మన చేతిలోని చివరి ముద్ద దారి తప్పుతుంది. దాంతో ఆగలేదు. కుక్క, యజమాని ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటే ఇద్దరిలోనూ ఆక్సిటోసిన్ అనే హార్మోన్ పెరుగుతుందని 2015లో జపాన్ పరిశోధకులు తేల్చారు. తల్లీబిడ్డల అనుబంధంలో పనిచేసే హార్మోన్ ఇది. ఇంటి ఖర్చుల మీద సంతకం చేసే వ్యక్తి రక్తంలోకి నేరుగా ప్రవేశించగల రాజకీయ పక్షం ఇంకొకటి ఉందా?

చెప్పు కొరికాక కుక్క పెట్టే ముఖం అందరికీ తెలుసు. చెవులు వెనక్కి, తల కిందికి, తోక కాళ్ల మధ్యలో, ఓరచూపు. పశ్చాత్తాపంతో కుమిలిపోతోందని ఇంటిల్లిపాదీ కరిగిపోతారు. న్యూయార్క్‌లోని బర్నార్డ్ కాలేజీలో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ 2009లో దీన్ని పరీక్షకు పెట్టారు. తినొద్దన్న తిండి కుక్క తిన్నదా లేదా అన్నదానికీ ఆ ముఖానికీ సంబంధం కనిపించలేదు. యజమాని తిట్టాడా లేదా అన్నదానికి సంబంధం ఉంది. ఏ తప్పూ చేయని కుక్కలు కూడా తిట్లు పడగానే అదే ముఖం పెట్టాయి, ఇంకాస్త ఎక్కువగానే. అంటే మనం ఇన్నాళ్లూ పశ్చాత్తాపమని ముద్దుచేసింది ఒక జవాబు మాత్రమే. ఎదుటివాడి గొంతు పెరిగిందా, ముఖం దించెయ్. సంగతేమిటో తర్వాత చూసుకుందాం. ఈ సూత్రం మీద కాపురాలు నిలిచాయి, ఉద్యోగాలు నిలిచాయి.

ఈ వినయం ఎంత దూరం పోతుందో ఒక ఇంటి సంగతి చెప్తాను. కుక్క గుమ్మంలోకి వస్తే తాను గుమ్మం బయటకు పోతానని ప్రకటించిన పెద్దమనిషి ఆయన. కన్నబిడ్డలతో మార్కులు, కరెంటు స్విచ్చులు తప్ప మరో విషయం మాట్లాడినట్టు దాఖలాలు లేవు. కుక్క వచ్చాక ఒకరోజు హాల్లోంచి వెన్నలాంటి గొంతు వినిపించింది. "ఏరా నాన్నా, తిన్నావా? ఇంకొంచెం పెట్టనా?" లోపలి గదిలో ఉన్న కొడుకు ఒక్క క్షణం ఆగి, గొంతు సవరించుకుని, "ఆఁ తిన్నాను నాన్నా" అన్నాడు. "నిన్ను కాదురా" అని జవాబు వచ్చింది. ఆ కుర్రాడు ఇంజినీరింగ్ పాసైనప్పుడు కూడా ఆ గొంతు వినలేదు.

పొద్దున్నే లేచి నడవమని అదే పెద్దమనిషికి డాక్టర్లు చెప్పారు, భార్య చెప్పింది, మోకాళ్లు స్వయంగా చెప్పాయి. వినలేదు. ఇప్పుడు తెల్లవారకముందే గొలుసు పట్టుకుని గేటు దగ్గర నిలబడుతున్నాడు. అక్కడా కుక్క ఇష్టమే. వాసన చూడాలి, వెనక్కి తిరగాలి, రెండు చుట్లు చుట్టాలి, మనసు మార్చుకోవాలి. భూమి అయస్కాంత క్షేత్రం నిలకడగా ఉన్న వేళల్లో కుక్కలు ఉత్తర దక్షిణాలు చూసుకుని మరీ కాలకృత్యాలకు కూర్చుంటాయని 70 కుక్కలను రెండేళ్లపాటు వెంబడించి 2013లో ఒక బృందం ప్రకటించింది. ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్నోబెల్ బహుమతి కూడా మరుసటి ఏడాది వాళ్లకు వచ్చింది. దిక్సూచి పని పూర్తయ్యేదాకా చేతిలో ఖాళీ కవరుతో, ఆకాశం వైపు చూస్తూ నిలబడే జీవిని మనం యజమాని అంటున్నాం.

ఇన్ని జరుగుతున్నా కుక్క ప్రతిష్ఠ చెక్కుచెదరదు. టోక్యోలోని షిబుయా స్టేషన్ దగ్గర చనిపోయిన యజమాని కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన హచికోకు 1934లో విగ్రహం పెట్టారు. అప్పటికి అది బతికే ఉంది. ఆవిష్కరణ సభకు కూడా హాజరైంది. దాని విశ్వాసాన్ని శంకించే సాహసం ఈ వ్యాసం చేయదు, చదువరులు తన్నడానికి వస్తారు. కానీ బతికుండగానే విగ్రహం పెట్టించుకున్నవాళ్ల విషయంలో రాజకీయ పరిశీలకులు మామూలుగా ఏం రాస్తారో ఒకసారి గుర్తుచేసుకోండి.

న్యాయంగా మాట్లాడితే పిల్లి కూడా కడిగిన ముత్యమేమీ కాదు. ఎదిగిన పిల్లులు తమలో తాము పెద్దగా మ్యావ్ అనుకోవు. ఆ అరుపు చాలావరకు మన కోసం ప్రత్యేకంగా అట్టేపెట్టిన సరుకు. ఆకలేసినప్పుడు కొన్ని పిల్లులు గుర్రుగుర్రుమనే శబ్దంలో పసిపాప ఏడుపును పోలిన సన్నని స్వరం కలిపేస్తాయని ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో కరెన్ మెక్‌కూంబ్ బృందం 2009లో పట్టుకుంది. ఇది కల్తీ. కాదనలేం. అయినా పళ్లెం నిండగానే కల్తీ ఆగిపోతుంది, తోక ఎత్తి వెళ్లిపోతుంది. పని అయ్యాక కూడా మన పాదాల మీద గడ్డం ఆనించి రాత్రంతా పడుకుని, తెల్లారి మన మనస్సాక్షికి బిల్లు పంపదు.

రెండూ ఒకే ఇంట్లో ఉంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. కుక్క కోసం కొన్న పెద్ద పరుపు మధ్యలో పిల్లి పడుకుంటుంది. పిల్లి ఎలాంటి చోటైనా పట్టేస్తుంది కాబట్టి (పిల్లి ఘనపదార్థమా, ద్రవమా అని లెక్కలు కట్టినందుకు ఒక ఫ్రెంచి శాస్త్రవేత్తకు 2017లో ఇగ్నోబెల్ ఇచ్చారు) ఏ మూలకో సర్దుకోవచ్చు. సర్దుకోదు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాపుతుంది. దానికి పదింతలుండే కుక్క పరుపు పక్కన గచ్చు మీద ముడుచుకుని, గోడ మీదేదో ముఖ్యమైన విషయం ఉన్నట్టు అటే చూస్తూ ఉంటుంది. మధ్యమధ్యలో ఒక నిట్టూర్పు. ఈ దృశ్యం చూసి ఇంట్లోవాళ్లు పిల్లిని కసురుతారు. తర్వాత ఏమవుతుందో గమనించండి. పిల్లి పరుపు మీదే ఉంటుంది. కుక్క మంచం ఎక్కుతుంది. అమ్మానాన్నల మధ్య, దిండు మీద తలపెట్టి. పిల్లి ఒక పరుపు ఆక్రమించింది, ఊరంతా గగ్గోలు. కుక్క ఒక నిట్టూర్పుతో పడకగది తీసుకుంది, ఎవరూ మాట్లాడలేదు.

కాబట్టి ఇంటింటా ఒక విచారణ సంఘం వేసుకోవాలన్నది మా డిమాండు. పెత్తనం ఎప్పుడు, ఏ తీర్మానం ద్వారా, ఎవరికి బదిలీ అయిందో తేల్చాలి. సంఘంలో కుక్కకు చోటివ్వకూడదు. ఇవ్వకపోతే అది పెట్టే ముఖం ఎవరు చూస్తారన్న ప్రశ్న వస్తుంది, దానికి గట్టి గుండె ఉన్నవాళ్లనే సభ్యులుగా ఎంచుకోవాలి. పిల్లికి ఆహ్వానం పంపొచ్చు, అందినట్టుగా చెవి కదిలిస్తుంది. అధ్యక్షత ఆ పెద్దమనిషి వహిస్తానన్నారు గానీ ఆయన నిష్పాక్షికత మీద కొడుకు లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపాడు. ఇవన్నీ సర్దుకునే విషయాలే. అసలు చిక్కు కుర్చీలతో వచ్చింది. హాల్లో మెత్తటి కుర్చీలు రెండే ఉన్నాయి, రెండింటిలోనూ గాఢ నిద్రలో ఉన్నారు. వాళ్లను లేపే అధికారం మనుషులకు ఉందా లేదా అన్నదే మొదటి అజెండా అంశం గనక, అది తేలేదాకా సభ్యులందరూ గచ్చు మీదే కూర్చోవాలి. మాటలు కూడా కాస్త మెల్లగా.