ఐదుగురు సార్లు, ఒక జమానత్

జిల్లా పేజీల ఆ ఫోటో మీరూ చూసే ఉంటరు, ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక జిల్లాది వస్తనే ఉంటది. పొడుగు టేబులు, వరుసగ నీళ్ల బాటిళ్లు, ఫైళ్లల్లకు తలలు వంచిన సార్లు, పైన హెడ్డింగు: పేద ఖైదీలకు సాయం పథకాన్ని పకడ్బందీగా అమలు చేయాలి. చూడంగనే నాకు దండం పెట్టాలనిపించింది.

ఈ పథకాన్ని 2023 కేంద్ర బడ్జెట్ల చెప్పిండ్రు. బెయిల్ వచ్చి కూడ పైసలు కట్టలేక జైల్లనే ఉన్నోళ్లకు 40 వేల దాకా సర్కారే కడ్తదని 2023 రూల్సుల రాసిండ్రు. దేశం మొత్తానికి ఏడాదికి 20 కోట్లు. 2022 చివరికి మన జైళ్లల్ల ఉన్న రిమాండ్ ఖైదీలు 4,34,302 మంది, అంటే లోపలున్న నలుగురిల ముగ్గురికి ఇంకా శిక్షనే పడలే. భాగించి చూస్తే తలకు 460 రూపాయలు. అందరికీ అవసరం రాదు కదా అంటరు, ఒప్పుకుంట. అసలు ఆ 460 కూడ ఎవరూ సరిగ్గ ఖర్చు పెడ్తలేరని కేంద్ర హోం శాఖనే రాష్ట్రాలకు లెటర్లు రాసుకుంట కూసుంది.

ఎందుకు ఖర్చు కాలేదో 2023ల పెట్టిన ఆ రూల్సు చదివితే తెలుస్తది. బెయిల్ ఆర్డర్ వచ్చి 7 రోజులైనా మనిషి బయటికి పోకపోతే జైలోళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు చెప్పాలె. ఆ సెక్రటరీ ఇంకో 10 రోజులల్ల వీడు నిజంగ పేదోడేనా అని తేల్చాలె. తర్వాత రెండు మూడు వారాలకోసారి కూసునే కమిటీ ముందు పెట్టాలె. కమిటీల కలెక్టర్, ఎస్పీ, న్యాయసేవ సెక్రటరీ, జైలు సూపరింటెండెంట్, జిల్లా జడ్జి తరఫున ఒక జడ్జి. అంతా టైం ప్రకారం జరిగినా, మన దగ్గర జరుగుతది కాబట్టి, నెల దాటుతది.

నేనైతే ఆ మీటింగు చూడలే, కానీ కండ్లు మూసుకుంటే కనపడ్తది. దేవరకొండ దిక్కు ఒక తండా పిల్లగాడు, సెంట్రింగ్ పని, రాడ్లు ఎత్తుకపోయిండని కేసు. బెయిల్ వచ్చింది, పదేసి వేలకు ఇద్దరు జమానత్, అంటే పూచీ ఉండాలన్నరు. ఐదు బండ్లు వచ్చి ఆగినయి, ఐదుగురు డ్రైవర్లు చెట్టు కింద చాయ్ తాగుతుండ్రు. లోపల ఒక సారు అడుగుతడు, రేషన్ కార్డు ఉందా? ఉంది సార్, తండాల ఉంది. మరి తెప్పించలేదా? తెచ్చేటోళ్లు లేరు సార్. ఇంకో సారు, వీని దగ్గర ఫోన్ ఉండెనట కదా? ఉండె సార్, స్టేషన్ల సీజ్ అయింది. టచ్ ఫోనా? టచ్ ఫోనే సార్. మరి టచ్ ఫోనున్నోడు పేదోడెట్ల అయితడు? అందరూ కాసేపు ఆలోచిస్తరు. సమోసాలొస్తయి. ఆదాయం సర్టిఫికెట్ రానియ్యండి, వచ్చే మీటింగుల చూద్దాం అని రాస్తరు, సంతకాలైతయి, ఫోటో తీస్తరు.

ఇగ పిల్లగాని అమ్మకు కొడుకు జైల్ల ఉన్నడనే తెల్వదు. ఆమె నంబర్ ఆ సీజైన ఫోన్ల ఉంది, వానికి నోటికి రాదు.

కావాల్సింది 40 వేలు కాదు, జీతం తీసుకునే ఒక మనిషి. ఆ నంబర్ పట్టుకొని ఇంటికి ఫోన్ చేసేటోడు, ఇంటి పన్ను రసీదు, పొలం పాస్‌బుక్ జిరాక్సు, ఆధార్ ఒక దగ్గర జేసి జమానత్ ఇచ్చేటోళ్లను బస్సెక్కించి తెచ్చేటోడు, పేషీ ఎప్పుడుందో ముందురోజు చెప్పేటోడు. లీగల్ ఎయిడ్ వకీలు ఉన్నడు కదా అంటే ఉన్నడు, ఆయన వాదిస్తడు, తండాల ఇండ్లు ఎతుకుతడా? కొత్త చట్టం (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479 సెక్షన్ల, ఉరి, యావజ్జీవం పడే కేసు కాకపోతే, ఇంతకుముందు ఎన్నడూ శిక్ష పడనోడు ఆ నేరానికుండే పెద్ద శిక్షల మూడో వంతు లోపల గడిపితే, ఇంకో కేసు లేకపోతే, సొంత బాండు మీద విడువమని ఉంది, సూపరింటెండెంటే కోర్టుకు రాయాలనీ ఉంది. ఎవలెవలికి ఎప్పుడు నిండుతదో రోజూ లెక్క చూసేటోనికి మాత్రం పోస్టు లేదు.

ఇదేమన్న కొత్త సంగతా? 1978ల మధ్యప్రదేశ్ మేస్త్రీ ఒకాయన సుప్రీంకోర్టు దాకా పోయిండు. 10 వేల జమానత్ అడిగిండ్రు, తోడబుట్టినోడు ముందుకొస్తే నీ ఆస్తి వేరే జిల్లాల ఉంది చెల్లదన్నరు. జస్టిస్ కృష్ణయ్యర్ మంచిగ గడ్డి పెట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడువుమన్నడు. పాలమూరు అంటేనే ముంబై, పుణెల బిల్డింగులు కట్టినోళ్లు కదా, ఆడ కేసైతే వాని ఎకరం ఏ జిల్లాల ఉంటది? ఇన్నేండ్లైనా అదే ప్రశ్న, అదే స్టాంపు, అదే కౌంటరు.

నాకు కడుపు మండేది ఈడ. చిన్న కేసుల్ల లోపలున్నోనికి పక్కోళ్లు చెప్పే సలహా ఏందో తెలుసా, ఒప్పుకోరా, ఉన్న రోజులే శిక్ష కింద రాసి పంపిస్తరు అని. ఒప్పుకుంటె రేపే ఇల్లు, చెయ్యలే అంటె ఇద్దరు జమానత్‌దార్లు తెచ్చుకో. అంటే ఈ దేశంల తప్పు చెయ్యలేదని చెప్పుకోవాలంటె పాస్‌బుక్ ఉండాలె! సిగ్గు లేకుండ దీనికి మళ్ల న్యాయం మీ ముంగిట్ల అని ఫ్లెక్సీలు కడ్తరు, థూ.

మా వాట్సాప్ గ్రూపుల పెద్దాయన ఒకాయన అంటడు, దొంగలకు సేవ చేసేటందుకు మన పన్నుల పైసలా అని. సారూ, వాని బువ్వ, వాని కావలి, వాన్ని కోర్టుకు తెచ్చే ఎస్కార్టు వ్యానుల డీజిలు, అన్నీ మీ పన్నులే, ఇప్పుడే కడ్తున్నరు, ఎన్ని రోజులు ఎక్కువ ఉంటే అంత ఎక్కువ కడ్తరు. ఇంకోటి, మొన్న మీ మేనల్లుడు కారుతోని ఎవరినో గుద్దినప్పుడు పొద్దుమూకకముందే జమానత్ ఇయ్యనీకి కాలనీ అంత లైను కట్టింది కదా, అండ్ల ఒక ఇద్దరిని దేవరకొండ పిల్లగానికి పంపుతరా? ఆధార్, ఇంటి పన్ను రసీదు తెచ్చుకోమనుండ్రి.