సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందా?

గుంటూరు, విజయవాడ కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్న ఒక సందేశం సారాంశం ఇది: క్యాన్సర్ గడ్డ దానంతట అది కదలదు, బయాప్సీ (పరీక్ష కోసం గడ్డలోంచి చిన్న ముక్క తీయడం) సూదితో కదిలిస్తేనే కణాలు రక్తంలో పడి ఒళ్లంతా పాకుతాయి, బయాప్సీ చేయించుకున్న ఫలానా ఆవిడ ఆర్నెల్లకే పోవడం అందుకు రుజువు, పైగా ఆ కణాలను నడిపించేవి ప్రోటీన్లేనని శాస్త్రవేత్తలే తేల్చారు కనుక రోగికి పప్పు, గుడ్డు, మాంసం మాన్పించాలి. కొత్తపేటలోనో సూర్యారావుపేటలోనో డాక్టరు బయాప్సీకి రాసిచ్చిన చీటీ నెలల తరబడి బీరువాలో ఉండిపోవడానికి ఇలాంటి మాటలు చాలు.

గడ్డ కదలకపోవచ్చు గాని, అందులోని కణాలు కదులుతాయి. కణం లోపల యాక్టిన్ అనే ప్రోటీన్ పోగులుంటాయి. ర్యాక్ అనే మరో ప్రోటీన్ పురమాయించినప్పుడు ఆ పోగులు కణం ముందు అంచున కొమ్మలు వేస్తూ పెరిగి, పైపొరను ముందుకు తోస్తాయి. రో అనే ప్రోటీన్ ప్రేరణతో వెనుక భాగం ముడుచుకుని దాని వెంట వస్తుంది. యాక్టిన్ పోగుల అమరికను ఈ రెండూ శాసిస్తాయని 1992లో ఆన్ రిడ్లీ, అలన్ హాల్ బృందం చూపింది. ఇది క్యాన్సర్ సొంత విద్యేమీ కాదు. గాయం మాన్పే చర్మకణాలూ, సూక్ష్మజీవుల వెంటపడే తెల్ల రక్తకణాలూ ఇదే ఏర్పాటుతో నడుస్తాయి. క్యాన్సర్‌లో ఆ నడకకు అదుపు తప్పుతుంది.

నడవాలంటే ముందు పక్క కణాల పట్టు వీడాలి. ఆ పట్టు చాలావరకు ఈ-క్యాడ్‌హెరిన్ అనే ప్రోటీన్‌ది. పాల గ్రంథుల్లో మొదలయ్యే లోబ్యులర్ రకం రొమ్ము క్యాన్సర్‌లో సాధారణంగా ఇది లోపిస్తుంది. బయాప్సీ ముక్కను మైక్రోస్కోపు కింద పెడితే కణాలు ఒకదాని వెనుక ఒకటిగా బారులు తీరి, చుట్టూ ఉన్న పీచులాంటి కణజాలంలోకి దూరిపోతూ కనిపిస్తాయి. ఆ బారులు సూది వల్ల ఏర్పడినవి కావు; సూది బయటికి తెచ్చిన ముక్కలో అప్పటికే ఉన్నవి.

సూది వల్ల కణాలు జారవన్న పూచీ మాత్రం ఎవరూ ఇవ్వలేరు. కాలేయ క్యాన్సర్‌లో సూది దారి వెంట కణాలు నాటుకున్న సందర్భాలు పాత పరిశీలనల్లో నూటికి మూడు దాకా ఉన్నాయి. అందుకే చాలామంది సిరోసిస్ (కాలేయం మచ్చలు పడి గట్టిపడే జబ్బు) రోగుల్లో స్కానింగ్‌తోనే నిర్ధారిస్తారు. వృషణంలో గడ్డ అనుమానమైతే తిత్తిలోంచి సూది పెట్టరు, గజ్జల దగ్గర కోసి వృషణాన్నే తీస్తారు. వైద్యులకు తెలిసిన ఈ మినహాయింపులను సందేశం అన్ని గడ్డలకూ అంటగట్టింది. నిజానికి సూది ప్రమేయం లేకుండానే కణాలు రక్తంలోకి చేరుతుంటాయి. 1869లోనే ఆష్‌వర్త్ అనే ఆస్ట్రేలియా వైద్యుడు ఒక మృతుని రక్తంలో వాటిని చూశాడు. అయితే 1970లో ఫిడ్లర్ అనే శాస్త్రవేత్త ఎలుకల రక్తంలోకి మెలనోమా అనే చర్మ క్యాన్సర్ కణాలు ఎక్కిస్తే, 24 గంటల తర్వాత బతికున్నవి వెయ్యింటికి ఒకటి కూడా లేవు. రక్తంలో పడినంత మాత్రాన పాకినట్టు కాదు.

ఇక ఆర్నెల్లకే పోయినావిడ సంగతి: జబ్బు ముదిరాక బయాప్సీ చేయించినా ఆ నెపం సూది మీదే పడుతుంది. అసలు ఆ ముక్క లేకపోతే రొమ్ము క్యాన్సర్‌లో హెర్-2 అనే, కణాలను పెరగమని పురమాయించే ప్రోటీన్ ఎక్కువగా ఉందో లేదో తెలియదు, అది తెలియకుండా దాన్ని అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ మందు ఇవ్వరు.

అన్నిటికంటే హాని చేసేది ప్రోటీన్ల మాట. తిన్న గుడ్డులోని ప్రోటీన్ పేగుల్లో అమైనో ఆమ్లాలుగా విడిపోతుంది. అది నేరుగా వెళ్లి గడ్డలో ర్యాక్‌గానో రో గానో మారదు. ఆ ప్రోటీన్లను కణాలు తమ జన్యువుల ఆజ్ఞతో తామే తయారు చేసుకుంటాయి. పప్పు మానేస్తే కరిగేది రోగి కండ. క్యాన్సర్ రోగులకు కిలో బరువుకు రోజుకు 1 గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల దాకా ప్రోటీన్ అందాలని యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. 50 కిలోల మనిషికి అది 50 నుంచి 75 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములే. కిడ్నీ జబ్బు కూడా ఉన్నవారు మాత్రం ఈ లెక్కను తమ డాక్టరునే అడగాలి.