చిరిగిన స్పీకరు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ చిరిగిన స్పీకరు గారి దివ్యసముఖమునకు,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ నేను క్షేమం. అక్కడ తమరు క్షేమంగా లేరని తలుస్తాను. క్షేమంగా ఉండుంటే తమరికి ఉత్తరం రాసేవాడెవడు? వాయించింది వాయించినట్టు బుద్ధిగా వినిపించే స్పీకర్లు లోకంలో కోట్లున్నాయి. వాటి ఊరూ పేరూ ఎవరికీ అక్కర్లేదు. తమరు మాత్రం చిరిగి చరిత్రకెక్కారు.

ముందు మా ఇంటి గొడవ చెప్పుకోనివ్వండి. మా చిన్నక్క పెళ్లికి వీధి చివరి మైకు సెట్టు కుర్రాడు రెండు బాక్సులు తెచ్చాడు. అందులో ఒకటి తమరి వంశానిదే. సన్నాయి పాడితే ఈల వేసింది, డోలు వాయిస్తే దగ్గింది. తీరా ముహూర్తం వేళ పంతులుగారు "మాంగల్యం తంతునానేన" అని అందుకోగానే, మొదటి మాటా చివరి ముక్కా మింగేసి, "తంతునా? తంతునా?" అని పందిరంతా బెదిరించింది. ముందు వరసలో కూర్చున్న మగపెళ్లివారు ఉలిక్కిపడి వెనక్కి జరిగారు. మా బాబాయి అద్దెలో 200 కోసేశాడు. "లోపల కాగితం చిరిగింది బాబాయ్, నేనేం చేసేది?" అని ఆ కుర్రాడు ఎంత మొత్తుకున్నా వినలేదు.

పాపం, వాడు తప్పు దేశంలో పుట్టాడండీ. అమెరికాలో అయితే అదే చిరుగుకి చప్పట్లు పడేవి.

1951 మార్చి సంగతి తమరికి గుర్తుండే ఉంటుంది. మిసిసిపీలోని క్లార్క్స్‌డేల్ నుంచి ఐక్ టర్నర్ సంగీత బృందం కారులో సామానంతా కుక్కుకుని, హైవే 61 పట్టుకుని, పాట రికార్డు చేయడానికి మెంఫిస్ బయల్దేరింది. దారిలో గిటారిస్టు విల్లీ కిజార్ట్ ఆంప్లిఫయరు దెబ్బతింది. కారు మీంచి పడిందని ఒకరు, వానకి తడిసిందని ఇంకొకరు. ఇంట్లో పాలు విరిగితే తప్పెవరిదో తేలనట్టే ఇదీ తేలలేదు. యూనియన్ అవెన్యూలో సామ్ ఫిలిప్స్ స్టూడియోకి చేరేసరికి స్పీకరులోని కాగితపు కోను చిరిగి ఉంది. కొత్తది తెచ్చే వ్యవధి లేదు. ఫిలిప్స్ కాస్త కాగితం తెప్పించి, ఉండచుట్టి, చిరుగులో కుక్కాడు. మీటితే గిటారు శాక్సోఫోనులా బొంగురుగా పలికింది. మరొకరైతే "మళ్లీ రండి నాయనా" అని పంపేసేవారు. ఆయన మాత్రం ఆ బొంగురునే ముందుకు తెచ్చి రికార్డు చేశాడు. "రాకెట్ 88" అనే ఆ పాట రిథమ్ అండ్ బ్లూస్ హిట్ పాటల పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. మొట్టమొదటి రాక్ అండ్ రోల్ రికార్డు ఇదేనని కొందరు, కాదని కొందరు ఇప్పటికీ జుట్లు పట్టుకుంటూనే ఉన్నారు.

రికార్డు మీద పాట పాడిన జాకీ బ్రెన్‌స్టన్ పేరు వేశారు. బృందం నడిపిన ఐక్ టర్నర్ పేరు లేదు. ఆ దుగ్ధ ఆయనకి చాలాకాలం పోలేదు. ఆయన పేరుకే దిక్కులేనప్పుడు కాగితం ఉండ పేరు ఎవరు వేస్తారు లెండి.

అంతవరకూ తమరిది ప్రమాదం. జాలిపడతాం. ఆ తర్వాతదే నాకు మింగుడుపడదు. లింక్ రే అనే అమెరికా గిటారిస్టుకి రికార్డింగులో తన గిటారు మరీ మర్యాదగా వినిపించిందట. పెన్సిలు తీసుకుని స్పీకరుకి పొడిచాడు. బాగున్న స్పీకరుకండీ! 1958లో ఆ చిల్లుల్లోంచి "రంబుల్" వచ్చింది. రంబుల్ అంటే కుర్రగ్యాంగుల కొట్లాట. పిల్లలు తన్నుకుంటారని భయపడి కొన్ని రేడియో స్టేషన్లు ఆ పాట వేయడమే మానేశాయి. తమాషా ఏమిటంటే అందులో ఒక్క మాట కూడా లేదు, ఉత్త వాయిద్యమే. మాటే లేని పాటలో బూతు పట్టుకున్న ఘనులు వాళ్లు! ఆ ఘనత తమరి చిల్లులదే.

పెన్సిలు పోయి బ్లేడు వచ్చింది. 1964లో లండన్ కుర్రాడు, కింక్స్ బృందంలో గిటారు వాయించే 17 ఏళ్ల డేవ్ డేవీస్, ఎల్పికో అనే చిన్న ఆకుపచ్చ ఆంప్లిఫయరు కొనుక్కుని దాని స్పీకరు కోనుని రేజరు బ్లేడుతో చీరేశాడు. దాన్ని ఇంకో పెద్ద ఆంప్లిఫయరుకి తగిలించి "యూ రియల్లీ గాట్ మీ" వాయించాడు. రెండంటే రెండే స్వరాల మెట్లు ఎక్కి దిగే ఆ గిటారు మోత ఇంగ్లండులో నంబర్ వన్ అయింది. అందులో సోలో, అంటే మధ్యలో గిటారు ఒంటరిగా ముందుకొచ్చే ముక్క, వాయించింది డేవ్ కాదు, జిమ్మీ పేజ్ అనే మరో గిటారిస్టు అని పుకారు పుట్టింది. పేజ్ గారే "నేను కాదు" అన్నా పుకారు చావలేదు. సోలో ఎవరిదో అని ఇంత రభస జరిగింది కానీ, గొంతు కోయించుకున్న స్పీకరు ఎవరిదని ఒక్కడైనా అడిగాడా?

మా ఇంట్లో మా తమ్ముడు బ్లేడుతో పరుపు కోస్తే మా అమ్మ వీపు చీరేసింది. అంత చప్పుడైనా రికార్డు కాలేదు.

ఇంతకీ తమరు చేసే పని ఏమిటంటే, లోపలికి వచ్చే గుండ్రటి అల ఆకారం చెడగొట్టి బయటికి పంపడం. ఆకారం చెడిన చోట లేనిపోని స్వరాలు పుట్టుకొస్తాయి. చెవికి అదే గరగర, అదే జీర. రాత్రంతా హరికథ చెప్పిన దాసుగారి గొంతు తెల్లవారుజామున ఎలా ఉంటుందో అలాగన్నమాట. దాన్ని మనం అలసట అంటాం, వాళ్లు ఆవేశం అన్నారు.

ఇక వ్యాపారస్తులు ఊరుకుంటారా? నాష్‌విల్‌లో మార్టీ రాబిన్స్ అనే గాయకుడి పాట ఒకటి రికార్డు చేస్తుంటే మిక్సింగ్ బల్లలో ఏదో చెడిపోయి, గ్రేడీ మార్టిన్ వాయించిన సోలో గుర్రుమని వచ్చింది. తీసేయకుండా ఉంచేశారు. 1961లో పాట హిట్టయింది. వెంటనే ఇంజినీరు గ్లెన్ స్నాడీ ఆ రోగాన్ని జాగ్రత్తగా పరిశీలించి, అదే రోగం కావాలనుకున్నప్పుడు తెప్పించే చిన్న డబ్బా తయారుచేశాడు. 1962లో గిబ్సన్ వాళ్లు దాన్ని మ్యాస్ట్రో ఫజ్-టోన్ అని అమ్మకానికి పెట్టారు. గిటారు ఇక ట్రంపెట్‌లా, ట్యూబాలా పలుకుతుందని ఊదరగొట్టారు. ట్రంపెట్ కావాలంటే ట్రంపెట్ వాణ్ణే పిలుస్తాం కదా అనుకున్నారో ఏమో, జనం అంతగా కొనలేదు.

1965లో రోలింగ్ స్టోన్స్ బృందం గిటారిస్టు కీత్ రిచర్డ్స్ దాన్ని కాలితో తొక్కాడు. అదీ తాత్కాలికంగా! అక్కడ తర్వాత బాకా వాయిద్యాలు పెట్టుకోవచ్చు, అందాకా గుర్తుగా ఉంటుందని "శాటిస్‌ఫాక్షన్"లో ఆ గరగర వేశాడు. మిగతావాళ్లు బాకాల కోసం ఆగలేదు, అదే విడుదల చేసేశారు. దాంతో దుకాణాల్లో దుమ్ము కొట్టుకుపోతున్న డబ్బాలు దొరక్కుండా పోయాయి. పిండివంటలు వచ్చేదాకా ఉంటుందిలే అని విస్తరి మూల వేసిన ఆవకాయ బద్ద భోజనం మొత్తాన్ని నడిపించేసినట్టుంది.

అదే ఏడాది ఆగస్టు 15న న్యూయార్కు షే స్టేడియంలో బీటిల్స్ కోసం ప్రత్యేకంగా చేసిన 100 వాట్ల వాక్స్ కంపెనీ ఆంప్లిఫయర్లు పెట్టారు. ఒక్క చిరుగు లేదు, మేలిమి సరుకు. 55 వేల పైచిలుకు జనం వేసిన కేకల్లో అవి వాయించిన వాళ్లకే వినపడలేదు. మర్యాదస్తుల గతి అంతే.

ఒక్క చోట మాత్రం వెటకారం పక్కన పెట్టి తమరికి చేతులు జోడిస్తాను. 1969 ఆగస్టు 18, సోమవారం ఉదయం. అమెరికాలో ఉడ్‌స్టాక్ సంగీతోత్సవం, ఆ బురదలో జనం చాలావరకు ఇళ్లకి వెళ్లిపోయారు. జిమీ హెండ్రిక్స్ అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద ఎత్తుకున్నాడు. తమరి వారసులైన జీరా, కీచూ, హోరూ అన్నీ ఒక్కసారిగా విప్పాడు. గీతం మధ్యలో బాంబులు పడ్డాయి, మనుషులు అరిచారు. వియత్నాంలో యుద్ధం నడుస్తోంది. నోటితో ఒక్క మాట పలకలేదాయన. చక్కటి స్పీకరుతో, శుద్ధమైన నాదంతో ఆ పని అయ్యేది కాదు.

సరే, చేతులు దించేశాను. ఇప్పుడు తమరి పరిస్థితి చూస్తే నవ్వొస్తోంది. చిరగకుండానే చిరిగినట్టు వినిపించే సాఫ్ట్‌వేర్లు అమ్ముతున్నారు. కొత్త గిటారుకి రంగు గీకి, తుప్పు పట్టించి, ముప్పై ఏళ్లు వాడినట్టు చేసి, మామూలు కొత్తదానికంటే ఎక్కువ ధర కట్టి ఇస్తున్నారు. హైదరాబాదులో మా మేనల్లుడు అపార్టుమెంటు గదిలో, చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ల్యాప్‌టాపులో ఒక బొమ్మ బిరడా తిప్పుతూ తమరిని ఎంత శాతం చింపాలో నిర్ణయిస్తున్నాడు. పక్క ఫ్లాటు వాళ్లకి వినపడకూడదట. మెంఫిస్ నుంచి బయల్దేరిన ఆ ఆవేశం చివరికి అసోసియేషన్ రూల్సుకి లోబడింది.

ఇట్లు,
బాబాయి కోసిన 200 గుర్తుకొచ్చినప్పుడల్లా సిగ్గుపడే
తమరి శ్రోత

తా.క.: మొన్న ఊరెళ్లినప్పుడు ఆ మైకు సెట్టు కుర్రాణ్ణి కలిశాను. కుర్రాడేమిటి, వాడికీ జుట్టు నెరిసింది. కథంతా చెప్పి, ఆ పాత బాక్సు ఉంటే 200 ఇచ్చి కొంటానన్నాను. "బాక్సయితే ఉంది గానీ, ఇప్పుడివ్వను సార్," అన్నాడు. ఎందుకయ్యా అంటే పెరట్లోకి తీసుకెళ్లి చూపించాడు. చిరిగిన కోను పీకేసి, గడ్డి పరిచి, అందులో కోడిని పొదగేశాడు. పదకొండు గుడ్లట. నేను కాస్త వంగి చూడబోతే లోపల్నుంచి గుర్రుమంది.