బ్రేకుల మీద నేరారోపణ

2012 సెప్టెంబరులో ఒక ఆదివారం సింగపూర్‌లో జరిగిన ఫార్ములా వన్ కార్ల పందెంలో మైకేల్ షూమాకర్ గారు తమ ముందు పోతున్న జాన్ ఎరిక్ వెర్న్ కారును వెనక నుంచి గుద్దినది మొదలు, వారి అభిమానులందరూ బ్రేకులను బోనెక్కించి విచారించారు. అంతకు ముందు ఏడాది ఇదే సింగపూర్‌లో ఆయన కారు సెర్జియో పెరెజ్ కారు వెనక చక్రానికి తగిలి గాలిలోకి లేచినప్పుడు ఏ వస్తువును విచారించారో నాకు గుర్తు లేదు. ఏడు ప్రపంచ టైటిళ్లు, 91 విజయాలు గడించి 2006లో గౌరవంగా ఇంటికి వెళ్లిన మనిషి, 2010లో 41 ఏళ్ల వయసున మెర్సిడెస్ కారెక్కి తిరిగి వచ్చిన నాటి నుంచి, పాపం, ఆయనకు నిర్జీవ పదార్థాలతో బొత్తిగా పడలేదు.

మొదటి ఏడాది ముందు టైర్లు ఆయన శైలికి లొంగలేదన్నారు. అదే జట్టులో, అలాంటి కారులోనే నికో రోస్‌బర్గ్ 142 పాయింట్లు తెచ్చుకోగా షూమాకర్ గారు 72 దగ్గర ఆగారు; సగం కంటే ఒకటి ఎక్కువే కదా అని భక్తులు ఊరట చెందారు. 2012లో పిరెల్లి టైర్లపై తిరగడం పచ్చి గుడ్ల మీద తిరగడంలా ఉందని ఆయనే వాపోయారు. అవే గుడ్ల మీద రోస్‌బర్గ్ ఏప్రిల్‌లో చైనాలో గెలిచి వచ్చాడు, ఒక్కటీ చితకలేదు. (ఆ రేసులో షూమాకర్ కారు చక్రాన్ని మెకానిక్కులు సరిగా బిగించని మాట వాస్తవమే, ఒక్క సాకైనా నిజమైనందుకు సంతోషిద్దాం.)

బార్సిలోనా ఘట్టం మాత్రం ఎన్నిసార్లు తలుచుకున్నా తనివి తీరదు. మే నెలలో అక్కడ బ్రూనో సెన్నాను వెనక నుంచి ఢీకొట్టి, కంకరలో దిగబడి, రేడియోలో సెన్నానే మూర్ఖుడన్నారు. వీపుకు కళ్లు లేకపోవడం సెన్నా మూర్ఖత్వమే కాబోలు. రేసు తీర్పరులైన స్టీవార్డులు మాత్రం, కళ్లు ముందుండేది ఎవరికో ఆలోచించుకుని, షూమాకర్ గారికే తర్వాతి రేసులో ఐదు స్థానాలు వెనక నుంచి బయలుదేరాలని శిక్ష వేశారు. ఆ తర్వాతి రేసు మొనాకో. అక్కడ ఎవరు ఏ స్థానం నుంచి బయలుదేరాలో తేల్చే క్వాలిఫయింగ్‌లో ఈ 43 ఏళ్ల మనిషి కుర్రవాళ్లందరినీ తలదన్ని అందరికంటే వేగంగా తిరిగి, వెళ్లి ఆరో స్థానంలో నిలబడ్డారు. గుడ్ల ఊసు ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. చేతికందిన పోల్ పొజిషన్‌ను, అంటే అందరికంటే ముందు నిలబడే చోటును, లాక్కున్న దుర్మార్గుడు ఎవరా అని వెతకగా, రెండు వారాల కిందట బార్సిలోనా కంకరలో కూర్చుని ఇంకొకరిని తిడుతూ దొరికారు.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. 2010 హంగరీ రేసు దగ్గర నాకు నవ్వు రాదు. పదో స్థానం, ఒకే ఒక్క పాయింటు. దాని కోసం, దాదాపు 300 కిలోమీటర్ల వేగంతో పక్క నుంచి దాటుతున్న రూబెన్స్ బారికెల్లోను ట్రాక్ పక్కనున్న పిట్ గోడ వైపు నొక్కారు. కారుకూ గోడకూ మధ్య మిగిలింది అంగుళాల ఎడం. ఎవరీ బారికెల్లో? 2002లో ఆస్ట్రియాలో, ముగింపు గీత కనబడుతుండగా, అప్పట్లో ఇద్దరిదీ అయిన ఫెరారీ జట్టు ఆజ్ఞకు తలవంచి, తన గెలుపును ఈ మనిషి చేతిలో పెట్టిన సహచరుడు. ఆ రుణం తీర్చేది ఇలాగా? వయసుతో వేగం తగ్గడం నేరం కాదు, ఎవరికైనా తగ్గుతుంది. తగ్గిన వేగాన్ని పక్కవాడి ప్రాణంతో పూడ్చుకోవడం సిగ్గుమాలిన పని. మర్నాడు క్షమాపణ చెప్పారట. ఆ గోడ తగిలి ఉంటే ఎవరికి చెప్పేవారు? దాన్ని పోరాట పటిమ అని పొగిడినవాళ్లకు అసలు బుద్ధి ఉందా?

సరే, బ్రేకుల కేసుకు వద్దాం. స్టీవార్డులు బ్రేకులను వదిలేసి, షూమాకర్ గారిని ఆ తర్వాతి రేసులో, అంటే జపాన్‌లోని సుజుకాలో, బయలుదేరే వరుసలో పది స్థానాలు వెనక్కి జరగమన్నారు. అంటే, ఆయన ముందు ఇంకో పది కార్లను వారే నిలబెట్టి ఇచ్చారు.